నోట్ రూపం వేరు, దాని శబ్దం వేరు: నొటేషన్ సాఫ్ట్‌వేర్‌పై అపోహలు - వాస్తవాలు

సంగీతాన్ని గుర్తులతో రాసిపెట్టే నొటేషన్ సాఫ్ట్‌వేర్ ప్రతి నోట్‌కీ మూడు సంగతులు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది: ఎలా కనిపించాలి, ఎంతసేపు ఉండాలి, ఎలా మోగాలి. కింది అపోహల్లో చాలావరకు ఆ మూడూ ఒకటే అనుకోవడంవల్ల వచ్చినవే. మెనూ పేర్లు మ్యూజ్‌స్కోర్ 4 అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌వి.

అపోహ: నోట్‌హెడ్‌ని (నోట్ తలని) ఇంటూ గుర్తుగా మారిస్తే డ్రమ్ శబ్దమూ మారుతుంది.

మారదు. డ్రమ్ శబ్దాలకు నంబర్లిచ్చే జనరల్ మిడి ప్రమాణంలో స్నేర్ డ్రమ్ నంబరు 38, దాని అంచుకు కర్ర తగిలించి కొట్టే సైడ్ స్టిక్ 37. స్నేర్ నోట్‌కి ఇంటూ తల తగిలించినా లోపల ఉన్నది 38 కాబట్టి స్నేరే మోగుతుంది. డ్రమ్ కిట్ సెట్టింగుల్లో 37కి ఇంటూ తల, స్టాఫ్ (నోట్లు రాసే గీతల వరుస) మీద స్నేర్ ఉండే చోటు కేటాయించి, ఆ నోట్‌నే ఎక్కించండి.

అపోహ: వజ్రం ఆకారం పెడితే వయొలిన్ హార్మోనిక్ (తీగను తేలిగ్గా తాకి పలికించే పైస్వరం) వినిపిస్తుంది.

ఎక్కువ తలనొప్పి ఇక్కడే. కృత్రిమ హార్మోనిక్‌ని (ఒక వేలితో తీగ నొక్కి, ఇంకో వేలితో తాకి పలికించేదాన్ని) సాధారణంగా కింద మామూలు నోట్, దానిపై నాలుగో స్వరం దూరంలో బోలు వజ్రంతో రాస్తారు. వాద్యం మీద వినిపించేది కింది నోట్‌కి రెండు అష్టకాల పైస్వరం. సాఫ్ట్‌వేర్ మాత్రం రాసిన రెండు నోట్లనూ కలిపి మోగిస్తుంది. అందుకని ఆ రెండింటినీ ఎంచుకుని ప్రాపర్టీస్‌లో ‘ప్లే’ టిక్ తీసేయండి. అసలు వినిపించాల్సిన స్వరాన్ని వాయిస్ 2లో (అదే స్టాఫ్ మీది రెండో నోట్ల వరుసలో) రాసి, ‘వి’ నొక్కి దాచండి. దాచినా అది మోగుతుంది. వాయిస్ 2లో మిగిలిన రెస్ట్‌లనూ (మౌనాన్ని చూపే గుర్తులనూ) దాచాలి, లేకపోతే అవి ముద్రణలో కనిపిస్తాయి. రెండో వాయిస్ వచ్చాక స్టెమ్ (నోట్ కాడ) పైకి తిరిగితే ‘ఎక్స్’ నొక్కితే చాలు.

క్వార్టర్ నోట్‌కి వజ్రం పెడితే నిండుగా నల్లగా వస్తోందా? ప్యాలెట్‌లో తెల్ల వజ్రాన్ని వాడండి. బోలుగా కనబడాలని దానికి రెట్టింపు నిడివి ఉండే హాఫ్ నోట్‌గా మార్చారో, బార్‌లో (నిలువు గీతల మధ్య భాగంలో) బీట్ల లెక్క తప్పుతుంది.

అపోహ: నోట్లు చిన్నగా ఉంటే ఒక్కోదాన్నీ పెంచుకోవాలి.

కొలతంతా స్టాఫ్ స్పేస్ మీద, అంటే రెండు గీతల మధ్య దూరం మీద ఆధారపడి ఉంటుంది. అది మామూలుగా 1.75 మిల్లీమీటర్లు, కనుక స్టాఫ్ ఎత్తు 7. ‘ఫార్మాట్’ మెనూలో పేజీ సెట్టింగ్స్ తెరిచి దాన్ని 2 చేస్తే ఎత్తు 8 అవుతుంది, తలలూ స్టెమ్‌లూ క్లెఫ్‌లూ (స్టాఫ్ మొదట్లో ఉండే గుర్తులూ) కలిసి పెరుగుతాయి. వరుసకు పట్టే బార్లు తగ్గుతాయి గనుక పేజీ తిప్పే చోట్లు మళ్లీ చూసుకోండి. నోట్‌హెడ్ లోపల స్వరాల పేర్లు పెట్టేవాళ్లకు ఈ పెంపు దాదాపు తప్పదు, లేకుంటే అక్షరాలు చుక్కల్లా కనిపిస్తాయి.

అపోహ: కంప్యూటర్‌లో ఉన్న ఏ ఫాంట్‌తోనైనా నోట్లు గీయొచ్చు.

సంగీత గుర్తుల ఫాంట్ల కోసం ఉన్న స్మఫుల్ ప్రమాణం పాటించే బ్రవురా, లీలాండ్ లాంటి సంగీత ఫాంట్లే కావాలి. మామూలు అక్షరాల ఫాంట్లలో ఈ గుర్తులు ఉండవు.

అపోహ: ఫైల్ వేరే సాఫ్ట్‌వేర్‌కి పంపినా రూపం చెక్కుచెదరదు.

మిడి ఫైల్‌లో నోట్‌హెడ్ ఆకారమనేదే ఉండదు. స్కోర్లను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపే మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫార్మాట్‌లో ఇంటూ, వజ్రం, స్లాష్ లాంటి వాటికి పేర్లున్నాయి, కానీ తెరిచే సాఫ్ట్‌వేర్ వాటిని గుర్తించాలి. ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ అభివృద్ధి 2024 ఆగస్టులో ఆగిపోయాక పాత స్కోర్లు తరలిస్తున్నవాళ్లు ముందుగా డ్రమ్ స్టాఫ్‌లనీ, దాచిన నోట్లనీ సరిచూసుకోండి.