కోడె, తోలేవాడు, వెనకాల తాత

చిరంజీవి నానీకి, నానీతో పాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ,

కనుమ నాడు పశువుల సాలలో జరిగింది నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. నుదుటిన బొట్టు, మెడలో బంతిపూల దండతో బుద్ధిగా నిలబడ్డ లేగదూడ ఉన్నట్టుండి గెంతి తల్లి పొట్ట కిందికి దూరిందంటే, ఎవరో తన్నారని తెలుసుకోడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. శ్రీకాకుళం వెళ్ళాక మీ అమ్మ ఫోన్లోంచి మెసేజ్ పెట్టావు. "తాతయ్యా, నన్ను తిట్టింది నాన్న. నేను తన్నింది దూడని. అది నన్నేం చెయ్యలేదు. మరి దాన్నెందుకు తన్నాను? నేను చెడ్డవాడినా?"

ఫోన్లోనే జవాబిద్దామని కూర్చున్నాను. బొటనవేలితో ఇంత సంగతి నావల్ల కాలేదు. అందుకే కాగితం తీశాను.

నువ్వడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి మా నాయనమ్మ దగ్గరే జవాబుంది. రెండోదానికి బండి కట్టాలి.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటారు, విన్నారు కదా? దుత్తంటే పాలో మజ్జిగో పోసుకునే చిన్న కుండ. అత్తని ఎదిరించి మాట్లాడలేని కోడలు చేతిలో దుత్తని ఠంగుమని కింద పెడుతుంది. అది పగులుతుంది. దుత్త చేసిన తప్పల్లా తిరిగి కొట్టలేకపోవడమే. నాన్నని నువ్వేం అనగలవు? పైగా చుట్టాలంతా ఉన్నారు. కాలికి దగ్గర్లో దూడ ఉంది. వియన్నా నగరంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ అనే డాక్టరు ఉండేవాడు. 1856లో పుట్టాడు. ఒకరి మీద పుట్టిన కోపం వాళ్ళ మీద చూపలేనప్పుడు ఎదురు తిరగలేని చోటికి జరిగిపోతుందని ఆయన అన్నాడు. మనసు చేసే ఇలాంటి టక్కులన్నీ ఆయన కూతురు అన్నా 1936లో ఒక పుస్తకంగా రాసింది. మన అత్తా కోడళ్ళ సంగతి వాళ్ళకి తెలియదు పాపం, తెలిస్తే ఒక పేజీ తగ్గేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు బడిలో ఎవరిదో పలక పగిలింది. పగలగొట్టింది నేను కాదు. బెత్తం దెబ్బలు మాత్రం నాకే పడ్డాయి. ఇంటికొస్తూంటే పక్కింటివాళ్ళ పాక మీద ఆనపతీగ, దానికి మూడు కాయలు, నున్నగా, లేతగా, నన్నే చూస్తున్నట్టు. కర్ర తీసుకుని మూడింటినీ బాదేశాను. మూడోది పగిలినప్పుడు వచ్చిన మెత్తటి చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మా నాయనమ్మ చూసింది. కేకలెయ్యలేదు. చింతచెట్టు కింద కూర్చోబెట్టి, "ఎవుల మీదరా కోపం?" అంది. ఎవరి మీదా కాదన్నాను. మళ్ళీ అడిగింది. "ఆనపకాయల మీద" అన్నాను. నవ్వలేదావిడ. మూడోసారి అడిగేసరికి నాకు ఏడుపొచ్చేసింది, మాస్టారి సంగతంతా చెప్పేశాను. చెప్పేదాకా అది మాస్టారి మీద కోపమని నాకే తెలియదు, అదీ విచిత్రం.

ఫ్రాయిడ్ తన దగ్గరికి వచ్చినవాళ్ళని తివాచీ పరిచిన సోఫా మీద పడుకోబెట్టి, ఏది తోస్తే అది చెప్పమని వినేవాడు. నెలల తరబడి అలా వినేవాడు. మా నాయనమ్మకి మూడు ప్రశ్నలు చాలాయి, ఫీజు కూడా తీసుకోలేదు. పగిలిన కాయలు మాత్రం నాచేతే మోయించి పక్కింటి పెద్దమ్మకి చూపించి రమ్మంది. పెద్దమ్మ రెండుంచుకుని ఒకటి మాకే ఇచ్చేసింది. ఆ రాత్రి మా ఇంట్లో ఆనపకాయ పులుసు. నాకు ముద్ద దిగలేదు.

ఇక బండి కడదాం. మనిషి మనసుని ఫ్రాయిడ్ 1923లో గుర్రంతోనూ రౌతుతోనూ పోల్చాడు. ఆయనకి గుర్రాలు తెలుసు, నాకు కోడెలు తెలుసు. కాబట్టి ఎడ్లబండి అనుకోండి. కాడి కింద ఉన్నది కోడె. ఆకలి, కోరిక, కోపం, కుమ్ముదామన్న సరదా, బలమంతా దానిదే. అది లేకపోతే బండి అంగుళం కదలదు. నొగల మీద కూర్చుని పగ్గం పట్టుకున్నవాడు తోలేవాడు. 'నేను' అనుకునేది వాడే. వాడికి బలం లేదు, కాస్త తెలివుంది. ఫ్రాయిడ్ ఇక్కడ ఓ కొంటెమాట అన్నాడు: రౌతు చాలాసార్లు గుర్రం ఎటు పోదలుచుకుంటే అటే పోనిచ్చి, అదంతా తన ఇష్టమే అన్నట్టు కూర్చుంటాడట. మా నాన్న కోడెకి మొదటిసారి కాడి కట్టిన రోజు అది సరాసరి కందిచేలోకి పోయింది. "ఇటు దగ్గరదారని నేనే పోనిచ్చాను" అన్నాడు మా నాన్న. నువ్వు దూడని తన్నాక "అదే అడ్డొచ్చింది" అని ఉంటావు. ఉంటావా లేదా?

మూడో మనిషి బండి వెనకాల, గడ్డి మీద కూర్చునుంటాడు. ముసలాయన. తోలడు, దిగడు. ఊరికే గదమాయిస్తూంటాడు, "అటు కాదు, ఇటు," "నీవల్ల ఏదీ కాదురా" అని. కోడెని ఇడ్ అనీ, తోలేవాణ్ణి ఈగో అనీ, ముసలాయన్ని సూపర్ ఈగో అనీ పుస్తకాల్లో రాస్తారు. పెద్దయ్యాక చదువుకుందురు గాని, ఇప్పుడు బండి చాలు.

ఆ బండి ఇరుసుకి ఆముదం ఎవరు పెడతారంటావా, నాకూ తేలలేదు. నిద్రలో ఎవరు తోలుతారంటే మాత్రం చెప్పగలను. చిన్నప్పుడు సంతకి రాత్రిపూట బండ్లు బారుగా పోయేవి. తోలేవాళ్ళంతా గోనె కప్పుకుని నిద్ర. ఎడ్లు వాటికి తెలిసిన దారిన అవే నడుస్తుండేవి, మెడగంటలు మోగుతూ. నిద్రలో మనం చూసే కల అచ్చం అలాంటిదే.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. "నేను చెడ్డవాడినా" అని నిన్నడుగుతున్నది ఎవరు? ఆ ముసలాయనే. చేతిలో ములుగర్ర పట్టుకుని తోలేవాణ్ణి వెనకనించి పొడుస్తున్నాడు. ఆ పొడవడానికి ఆయనకి బలం ఎక్కడిది? ఫ్రాయిడ్ చెప్పినవాటిలో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇదొక్కటే. బయటికి పోనివ్వని కోపం లోపలే వెనక్కి తిరిగి ఆ ముసలాయన కర్రలోకి ఎక్కుతుందట. కోడె కొమ్ముల్లోదీ ఆయన కర్రలోదీ ఒకటే బలం. అందుకే మరీ మంచివాళ్ళు మరీ ఎక్కువ బాధపడతారు. అంత దూరం ఎందుకు, అలిగి అన్నం మానేసినప్పుడు కోపం అమ్మ మీద, మాడేది నీ కడుపు. కర్ర ఎటు తిరిగిందో చూశావా?

ముసలాయన బండెక్కింది ఎక్కడ? అది చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గుగా ఉంది. ఆ రోజు మార్కులు చూసి, చుట్టాల ముందు "నీవల్ల ఏదీ కాదురా" అన్నాడు కదా మీ నాన్న, ఆ మాట వాడిది కాదు, నాది. వాడు పదో తరగతిలో లెక్కల్లో తప్పినప్పుడు అదే వరండాలో, చుట్టాల ముందే నేనన్నాను. వాడు ఏమీ అనలేదు. గేటు మాత్రం గట్టిగా వేసి వెళ్ళాడు. నాతో ఆ మాట అన్నది మా నాన్న, ఆనపకాయల ఏడాదిలోనే. పిల్లల లోపలి పెద్దమనిషి తల్లిదండ్రుల్ని చూసి కాదు, వాళ్ళ లోపలున్న పెద్దమనిషిని చూసి తయారవుతాడని ఫ్రాయిడ్ రాశాడు. మూడు తరాల బండ్ల మీద కూర్చున్నది ఒకే ముసలాయనన్నమాట.

ఫ్రాయిడ్‌ది కూడా ఓ చిన్నప్పటి కథ ఉంది. పదీ పన్నెండేళ్ళ వయసులో నాన్నతో నడుస్తున్నాడు. వాళ్ళు యూదులు. ఒకప్పుడు కొత్త టోపీ పెట్టుకుని వెళ్తుంటే ఒకడు ఆ టోపీని బురదలోకి కొట్టేసి, "యూదుడా, దారిలోంచి దిగు" అన్నాడని నాన్న చెప్పాడు. "నువ్వేం చేశావు?" అని పిల్లాడు అడిగాడు. "దిగి టోపీ తీసుకున్నాను" అన్నాడు నాన్న. ఆ కోపం పిల్లాణ్ణి ఏళ్ళ తరబడి వదల్లేదు. నాన్నని అవమానించినవాడి మీదా, ఊరుకున్న నాన్న మీదా? రెండూనేమో.

ఆయన చెప్పినవన్నీ నిజమని తేలలేదు, ఆ మాట దాచను. కోపం వస్తే తలగడని బాదితే తగ్గిపోతుందని చాలామంది నమ్ముతారు. తర్వాతివాళ్ళు పరీక్ష పెట్టి చూస్తే, తిట్టినవాణ్ణి తలుచుకుంటూ బాదినవాళ్ళకి కోపం పెరిగిందే గాని తగ్గలేదు. ఏ పాలేరుని అడిగినా చెప్పేవాడు, కుమ్మడం మరిగిన కోడె మళ్ళీ మళ్ళీ కుమ్ముతుందని. అలాగని మూలకి కట్టేసి ఉంచినా పాడవుతుంది. దానికి పని కావాలి. శ్రీకాకుళంలో నువ్వు రోజూ దాటే స్టేడియం ఎవరి పేరు మీదుంది? వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు. ఇంటిపేరు కోడి, బలం కోడెది. ఆయన ఆ బలంతో గొలుసులు తెంపాడు, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడు, సర్కస్ పెట్టాడు.

యుద్ధం సంగతి కూడా ఒక్క ముక్క. వచ్చే 24కి బొబ్బిలి యుద్ధం జరిగిన రోజు, 1757 జనవరి 24. విజయనగరం తరఫున ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి మీదికి ఫిరంగులు తెచ్చాడు, సరే. కానీ బొబ్బిలి, విజయనగరం ఎవరికి ఎవరు? పక్కపక్కవాళ్ళు, ఒకే భాష, ఒకే దేవుళ్ళు. ఇలా ఒకేలా ఉండే ఇరుగుపొరుగువాళ్ళే చిన్న తేడా పట్టుకుని గట్టిగా కొట్టుకుంటారని ఫ్రాయిడ్ గమనించాడు. మీ వాలీబాల్ టీముకి ఎవరి మీద కచ్చ? చెన్నై వాళ్ళ మీదా, పక్కవీధి వాళ్ళ మీదా?

1932లో ఐన్‌స్టీన్ ఆయనకి ఉత్తరం రాశాడు, మనుషుల్ని యుద్ధం నుంచి తప్పించే దారేమైనా ఉందా అని. అంటే అంత పెద్దాయన అడిగింది కూడా నీ ప్రశ్నే. కోడెని లేకుండా చేయలేం, దారి మళ్ళించడమే మనకి చేతనైంది, మనిషికీ మనిషికీ మధ్య మమకారం పెంచేది ఏదైనా యుద్ధానికి అడ్డే అని జవాబు రాశాడు ఫ్రాయిడ్. మరుసటి ఏడే జర్మనీలో, యూదులంటే పడని నాజీలు ఆయన పుస్తకాలు కాల్చారు. 1938లో వియన్నా వదిలి లండన్ వెళ్ళిపోయాడు, 1939 సెప్టెంబరులో, రెండో యుద్ధం మొదలైన మూడు వారాలకి పోయాడు. ఆయన చెల్లెళ్ళు నలుగురు నాజీల చేతిలో పోయారు. ఇంత తెలిసిన మనిషికి ఇదేమిటని అడగకండి, నా దగ్గర జవాబు లేదు. మన కలకత్తావాళ్ళు ఆయన 75వ పుట్టినరోజుకి, 1931లో, దంతంతో చేసిన విష్ణుమూర్తిని పంపితే బల్ల మీద పెట్టుకున్నాడట. అది తలుచుకుంటే నాకెందుకో ఊరటగా ఉంటుంది.

మాట ఎటో పోయింది. బండి కందిచేలో ఉంది.

నాకు తెలిసిన పని ఒకటి చెప్తాను. ఈ ఆదివారం రా. సాలలోకి చప్పుడు చెయ్యకుండా వెళ్ళు. అరచేతికి కాస్త ఉప్పు రాసుకుని, దూడకి రెండడుగుల దూరంలో గొంతుక్కూర్చో. నువ్వు దాని దగ్గరికి వెళ్ళకు. ముందు చెవులు ఎటు తిప్పుతుందో చూడు, తర్వాత కాళ్ళు చూడు. చెయ్యి నాకుతుందో, తల్లి వెనక్కి పోతుందో నాకు తెలియదు. ఏది చేసినా అంతసేపూ నీ లోపల ఎవరేం అంటున్నారో విని, వచ్చి నాకు చెప్పు.

మీ నాన్ననీ తీసుకురా. వాడికి నేనో మాట బాకీ ఉన్నాను, ఇరవై ఏడేళ్ళ నాటిది.

మీ తాతయ్య