నేపథ్యం ఎక్కడుంటుంది?

ప్రొద్దుటూరు

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ‘భారీ వర్షాల నేపథ్యంలో బడులకు సెలవు’ అని పేపర్లో చదివి, నేపథ్యం అంటే ఏమిటి, అది ఎక్కడుంటుంది తాతా అని అడిగావు. సెలవొచ్చింది చాలని ఊరుకోకుండా మాటను పట్టుకున్నావు చూడు, అది బాగుంది.

అది నాటకాల వాళ్ల మాటమ్మా. తెర వెనుక వేషాలు కట్టుకునే చోటు. పేపరు వాళ్లు దాన్నే ‘వెనకున్న కారణం’ అనే అర్థంలో వాడుకున్నారు. మన ఇంటినే నాటకశాల అనుకో. చుట్టాలు కూర్చునే వసారా రంగస్థలం, వంటిల్లు నేపథ్యం. వచ్చినాయన పేరు గుర్తుకురాక నేను నీళ్లు నములుతుంటే తలుపు చాటునుంచి పేరు అందిస్తుందే మీ అవ్వ, ఆమె ప్రాంప్టర్. ‘ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారు’ అని తనలో తాను అనుకున్నది వీధి చివరిదాకా వినిపిస్తుంది. అది స్వగతం. కొంగు అడ్డం పెట్టుకుని మీ అమ్మతో చెప్పేది చూసేవాళ్లందరికీ వినబడుతుంది, పక్కనే ఉన్న నాకు మాత్రం వినబడనట్టే లెక్క. అది జనాంతికం. ఇక నాటకం నడిపించే సూత్రధారి ఎవరని అడగకు. ఈ ఉత్తరం ఆమె కూడా చదువుతుంది.

మన జిల్లాలోనే సురభి అనే పల్లె ఉంది. తరతరాలుగా తెర వెనుక నిలబడి తోలుబొమ్మలాడించిన కుటుంబం వాళ్లు 1885లో అక్కడ తామే వేషాలు కట్టి, తెర ముందుకొచ్చి ‘కీచకవధ’ ఆడారు. సురభి నాటకాలు అలా మొదలయ్యాయి.

నా తొమ్మిదో ఏట మా ఊరి తిరునాళ్లలో నాటకం పెట్టారు. నేను మెల్లగా తెర వెనక్కి దూరాను. ముఖానికి అర్దళం, అదే వేషగాళ్లు పూసుకునే రంగు, పూసుకున్న భీముడు, అంటించిన మీసాన్ని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుని టీ తాగుతున్నాడు. కోప్పడలేదు. ‘ఆ గద ఇటు అందుకో’ అన్నాడు. బలమంతా పెట్టి ఎత్తబోయి వెల్లకిలా పడ్డాను. వెండి కాగితం అంటించిన అట్ట అది!

పరుగున వచ్చి ముందు కూర్చున్నాను. తెర లేచింది. అదే గదను భీముడు ఎత్తుతుంటే మెడనరాలు ఉబ్బాయి, మోకాలు వణికింది. జనమంతా ‘అమ్మో’ అన్నారు. నేనూ అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను.

మీ బడి వార్షికోత్సవం నాడు ముందు వరుసలో కూర్చోకు. పంతులుగారిని అడిగి తెర పక్కన నిలబడు. ఒక్కటి గుర్తుంచుకో, అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. నాటకంలోని మాటే అనుకుంటారు.

మీ తాత