వార్షిక సమావేశానికి గదులు, ప్రయాణాలు: కమిటీల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

నాణేలు సేకరించేవాళ్లు, నక్షత్రాలు చూసేవాళ్లు, ఆర్కిడ్లు పెంచేవాళ్లు... ఏ సంఘమైనా సరే, ఈసారి అందరం ఒకచోట కలుద్దాం అనుకోగానే ప్రయాణాలు, బస ఏర్పాట్లు కమిటీలో ఎవరో ఒకరి నెత్తిన పడతాయి. అలాంటివాళ్లకు హోటళ్లతో, విమాన సంస్థలతో మాట్లాడిపెట్టడం నా వృత్తి. కంపెనీల సమావేశాలకూ వీటికీ పెద్ద తేడా ఒకటుంది. అక్కడ గది బిల్లు కంపెనీ కడుతుంది. ఇక్కడ ఎవరి ఖర్చు వాళ్లదే, కానీ హోటల్ ఒప్పందం మీద సంతకం మాత్రం సంఘానిది. వస్తానని రాని సభ్యుడి గది డబ్బు సంఘం ఖాతాలోంచే పోతుంది. నేను వినే అపోహల్లో చాలావరకు ఈ సంగతి పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఎక్కువ గదులు అడిగితే రేటు తగ్గుతుంది. మిగిలినవి తర్వాత వెనక్కి ఇచ్చేద్దాం.

వాస్తవం: మిగిలినవి ఊరికే వెనక్కి తీసుకోరు. గ్రూప్ ఒప్పందాల్లో అట్రిషన్ అనే షరతు ఉంటుంది. పట్టిపెట్టిన గదుల్లో ఇంత శాతం నిండకపోతే, తగ్గినవాటికి సంఘం డబ్బు కట్టాలి. 80 శాతం అనేది తరచూ కనిపించే అంకె. లెక్క గదుల్లో కాదు, గది-రాత్రుల్లో ఉంటుంది. ఒక గది మూడు రాత్రులంటే మూడు.

60 గదులు మూడు రాత్రులకు పట్టారనుకోండి. మొత్తం 180. అందులో 80 శాతం అంటే 144. తీరా నిండినవి 120 అయితే 24 గది-రాత్రుల లోటు సంఘం మీద పడుతుంది. నిజానికి అభిరుచి సంఘాల సమావేశాలు మూడు రాత్రులూ ఒకేలా నిండవు. మొదటి రాత్రికి కమిటీ, స్టాల్ పెట్టేవాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు ఉంటారు. రెండో రోజుకు సగానికి పైగా చేరతారు. విందు ఉన్న రాత్రికి అందరూ ఉంటారు. కాబట్టి 60-60-60 అని కాకుండా 20-45-60 అని అడగాలి. మొత్తం 125, కట్టుబడాల్సింది 100. అదే జనం, అవే 120 గది-రాత్రులు. మొదటి ఒప్పందంలో జరిమానా, రెండోదాంట్లో ఇంకా 20 మిగులు. రేటు కాస్త ఎక్కువైనా నేను రెండోదానికే ఓటేస్తాను.

ఇంకో మెలిక ఉంది. ఆ 80 శాతం మొత్తం మీద చూస్తారా, ఏ రాత్రికి ఆ రాత్రి చూస్తారా? మొదటి రాత్రి 20కి 12 గదులే నిండి, మిగతా రెండు రాత్రులూ పూర్తిగా నిండాయనుకోండి. మొత్తం 117 కనుక గండం లేదు. రాత్రివారీగా చూస్తే మాత్రం మొదటి రాత్రికి 16 ఉండాలి, నాలుగు తక్కువ. ఈ ఒక్క పదం ఒప్పందంలో ఎక్కడో లోపలి పేజీలో ఉంటుంది. కమిటీల్లో దాన్ని చదివేవాళ్లు అరుదు, బఫేలో ఎన్ని రకాలున్నాయని అడిగేవాళ్లు మాత్రం బోలెడుమంది.

సంతకానికి ముందు అడగాల్సినవి మరో రెండున్నాయి. సమావేశానికి 90 రోజుల ముందు ఒకసారి, 60 రోజుల ముందు ఒకసారి కొన్ని గదులు జరిమానా లేకుండా తగ్గించుకునే వీలు. మనం వదిలేసిన గదిని హోటల్ వేరేవాళ్లకు అమ్ముకుంటే దానికి మళ్లీ మన దగ్గర వసూలు చేయకూడదన్న షరతు. రెండూ న్యాయమైనవే, అడిగితే చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి. అడగకపోతే వాళ్లంతట వాళ్లు రాయరు. బేరానికి మన దగ్గర ఉండాల్సిన ఆయుధం పోయిన ఏటి లెక్క: ఏ రాత్రికి ఎన్ని గదులు నిండాయో. సమావేశం ముగిసిన వారంలోపే పాత హోటల్ దగ్గర అది రాయించుకోవాలి. ఆరు నెలలు పోతే మనతో మాట్లాడిన మేనేజరే అక్కడ ఉండకపోవచ్చు.

అపోహ: అదే హోటల్‌లో గది బయటి సైట్‌లో తక్కువకు దొరికింది. అక్కడ తీసుకుంటే ఎవరికేం నష్టం?

వాస్తవం: సంఘానికి నష్టం. ఆ గది మన లెక్కలోకి రాదు. హోటల్ నిండుగా ఉంటుంది, అందులో సగం మనవాళ్లే ఉంటారు, అయినా కాగితం మీద మన కోటా నిండలేదనే ఉంటుంది. దీనికి మందు ఒప్పందంలోనే ఉండాలి: సమావేశానికి నమోదైనవారి పేర్లను హోటల్ తన అతిథుల జాబితాతో పోల్చి, ఏ దారిన బుక్ చేసుకున్నా వాళ్లను మన లెక్కలో కలపాలి. మా గ్రూప్ రేటు కన్నా తక్కువకు ఆ తేదీల్లో బయట అమ్మకూడదనీ అడగవచ్చు. ముందే డబ్బు కట్టి రద్దుకు వీల్లేని రేట్లను మాత్రం హోటళ్లు సాధారణంగా మినహాయించమంటాయి. సభ్యుల మీద విసుక్కోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. నమోదు పత్రంలో రెండు వాక్యాల్లో కారణం చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు.

అపోహ: గ్రూప్ రేటు చివరి రోజు వరకూ ఉంటుంది.

వాస్తవం: ఉండదు. సాధారణంగా మూడు నాలుగు వారాల ముందు కటాఫ్ తేదీ పెడతారు. అది దాటాక ఎవరూ తీసుకోని గదులు హోటల్ సొంతం, రేటు ఆ రోజు బజారు రేటు. కొన్ని కమిటీలు అసలు తేదీకి వారం ముందరి తేదీని సభ్యులకు ప్రకటిస్తాయి. కొంచెం మోసమే అయినా నేను సమర్థిస్తాను.

అపోహ: పదిమందికి కలిపి తీసుకుంటే విమానం టికెట్ చవక.

వాస్తవం: చాలాసార్లు ఖరీదు ఎక్కువ. విమానంలో సీట్లను రకరకాల ధరల అరల్లో పెట్టి అమ్ముతారు. అన్నిటికన్నా చవక అరలో ఎనిమిది సీట్లే మిగిలి ఉండగా పదిమందికి ఒకేసారి వెతికితే, ఆ ఎనిమిదిని వదిలేసి, పదీ కలిసి దొరికే పై ధరే మామూలుగా అందరికీ చూపిస్తారు. అందుకే ముందు ఒక్కరికి వెతికి ధర చూసి, తర్వాత సంఖ్య పెంచుతూ పొండి. ధర ఎక్కడ ఎగిరిందో తెలిసిపోతుంది. సాధారణంగా పదిమంది నుంచి మొదలయ్యే గ్రూప్ బుకింగ్‌కు అసలు లాభం ధరలో లేదు. కొంత అడ్వాన్స్ కట్టి సీట్లు పట్టుకోవచ్చు, పేర్లు తర్వాత ఇవ్వవచ్చు. ఒకే ఊరి నుంచి కదిలే పెద్ద బృందానికి అది వరం. పాతిక ఊళ్ల నుంచి తలో దారిన వచ్చే సంఘానికి దానితో పని లేదు.

అపోహ: రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఆదా. మధ్యలో రెండు గంటలు చాలు.

వాస్తవం: రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు తర్వాతి దాంట్లో పంపే బాధ్యత విమాన సంస్థది. విడివిడిగా కొంటే మీరు రెండోదానికి రాని ప్రయాణికుడు, అంతే. పైగా చాలాచోట్ల సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. ప్రారంభోపన్యాసం ఇచ్చే అతిథికి ఇలాంటి టికెట్ కొనిపెట్టే కమిటీని చూస్తే నాకు భయమేస్తుంది.

అపోహ: పరికరాలు, ప్రదర్శన వస్తువులు పెద్ద పెట్టెలో వేసి చెక్-ఇన్ చేసేస్తే సరి.

వాస్తవం: ఇక్కడ ప్రతి అభిరుచికీ దాని చిక్కు దానికుంది. టెలిస్కోపు వాళ్లకు బ్యాటరీలు. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్-ఇన్ సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల వరకూ మామూలుగా తీసుకెళ్లవచ్చు. 100 నుంచి 160 వరకూ విమాన సంస్థ అనుమతి కావాలి, అదీ రెండు విడి బ్యాటరీలకే. అంతకు మించితే ప్రయాణికుల సామానుగా కుదరదు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే లెక్క వస్తుంది: 12.8 వోల్టుల, 20 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 256, అంటే ఇంట్లో వదిలి వెళ్లాల్సిందే. చేరిన చోట అద్దెకు దొరుకుతుందా, లేక మైదానంలో కరెంటు ప్లగ్గు ఉంటుందా అన్నది నిర్వాహకులు ముందే కనుక్కుని చెప్పాలి. కొన్ని విమాన సంస్థల షరతులు ఇంకా కఠినంగా ఉంటాయి, వాటి పేజీ విడిగా చూసుకోవాలి.

మొక్కల వాళ్లది ఇంకా పెద్ద చిక్కు. దేశం దాటితే మొక్కకు ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చింది, ఆర్కిడ్ కుటుంబం మొత్తం దాని జాబితాల్లో ఉంది కనుక, కొన్ని మినహాయింపులు పోను, పర్మిట్ కూడా కావాలి. విలువైన ప్రదర్శన వస్తువులు తెచ్చి తిరిగి తీసుకెళ్లేవారికి ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంది. దాన్ని గుర్తించే దేశాల్లో సుంకం కట్టకుండా తాత్కాలికంగా తేవచ్చు. అక్కడే అమ్మేస్తే మాత్రం సుంకం తప్పదు. సమావేశం పేరుతో మార్పిడులు, అమ్మకాలు జరిగే నాణేలు, తపాలా బిళ్లల సంఘాలు ఈ తేడా సభ్యులకు ముందే చెప్పాలి. ఇవన్నీ టికెట్లు కొన్నాక కాదు, ఊరు ఎంపిక చేసేటప్పుడే చూడాలి.

అపోహ: ఇద్దరికో గది అని రాసిస్తే హోటల్ వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: చూసుకుంటారు, ఒకే పెద్ద మంచం ఉన్న గది ఇచ్చి. ఇక్కడ గది పంచుకునేది దంపతులు కాదు, ఏడాదికోసారి కలిసే స్నేహితులు. రెండు విడి మంచాలున్న గదులు ఎన్ని కావాలో ఒప్పందంలోనే అంకె వేయించాలి, ఎందుకంటే చాలా హోటళ్లలో అవి తక్కువ. ఎవరెవరు ఏ గదిలో ఉంటారో హోటల్‌కు ఇచ్చే రూమింగ్ లిస్టులో మెట్లు ఎక్కలేనివారు, స్నానాల గదిలో పట్టుకునే కమ్మీ కావాల్సినవారు, అర్ధరాత్రి చేరేవారు ఎవరో రాయాలి. గురక పెట్టేవాళ్ల సంగతి కూడా నేను మొహమాటపడకుండా అడుగుతాను.

అపోహ: కన్ఫర్మేషన్ నంబరు వచ్చిందంటే గది ఖాయం.

వాస్తవం: దాదాపు ఖాయం. కొందరు రారన్న అంచనాతో హోటళ్లు ఉన్న గదుల కన్నా కొన్ని ఎక్కువే అమ్ముతాయి. అంచనా తప్పిన రాత్రి ఆలస్యంగా వచ్చినవాళ్లను వేరే హోటల్‌కు పంపుతారు. అలా పంపితే కనీసం మొదటి రాత్రి గది ఖర్చు, రానుపోను రవాణా హోటలే భరించాలని ఒప్పందంలో రాయించండి.

అపోహ: అనుకోని ఉపద్రవం వస్తే డబ్బంతా వెనక్కి వస్తుంది.

వాస్తవం: ఉపద్రవం వస్తే ఏం చేయాలన్న షరతును ఒప్పందంలో ఎలా రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. సమావేశం జరపడం అసాధ్యమైతేనే అని రాసి ఉంటే, సభ్యులు భయపడి రాకపోవడం దాని కిందికి రాకపోవచ్చు. 2020లో దీన్ని చాలా సంఘాలు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాయి. ప్రభుత్వ ఆంక్షలు రాకముందే మంచితనంతో రద్దు చేసుకున్నవారికి రద్దు జరిమానా కట్టాల్సిన పరిస్థితి వచ్చింది. నేను ఇప్పుడు అసాధ్యం అన్న పదం పక్కన ‘లేదా చట్టవిరుద్ధం, లేదా ఆరోగ్య భద్రత దృష్ట్యా జరపడం తగనిది’ అన్న మాటలు కూడా పెట్టించడానికి పట్టుబడతాను. బీమా తీసుకుంటే తొందరగా తీసుకోవాలి. తుపాను వస్తోందని వార్తల్లో వచ్చాక కొన్న పాలసీ ఆ తుపానుకు పనిచేయదు, అది అప్పటికే తెలిసిన ప్రమాదం కిందికి వస్తుంది కాబట్టి.