రాగి నాణేనికో గాజు గ్లాసు

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. రోమన్లు మంచినీళ్ళు, ద్రాక్షసారా ఎందులో తాగేవాళ్ళని మొన్న ఫోన్‌లో అడిగారు. అది ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

వాళ్ళకంటే ఎంతో ముందే ఈజిప్టులో గాజు ఉంది. కానీ అది గొప్పవాళ్ళ సొమ్ము. మట్టి ముద్ద చుట్టూ కరిగిన గాజును చుట్టి, చల్లారాక లోపలి మట్టిని గోకి తీసేవాళ్ళు. ఒక్క అత్తరు బుడ్డికే అంత అవస్థ! క్రీ.పూ. 1వ శతాబ్దంలో మధ్యధరా తూర్పు తీరంలో ఎవరికో గాజును ఊదాలన్న ఆలోచన వచ్చింది. పేరు తెలియని ఆ మనిషికి నేనైతే దండం పెడతాను. జెరూసలేం తవ్వకాల్లో, ఒక కొస మూసి ఊదిన గాజు గొట్టాలు చెత్తకుప్పలో దొరికాయి. అంటే మొదట్లో గాజు గొట్టాన్నే ఊదారన్నమాట. ఇనుప గొట్టం తర్వాత వచ్చింది.

పని చూడ్డానికి తేలికే. కొలిమిలో మెత్తబడ్డ గాజును గొట్టం చివర చుట్టి, ఊదుతూ తిప్పుతూ ఉండాలి. తిప్పడం ఆపితే ముద్ద ఒక పక్కకి జారిపోతుంది. తయారైన గిన్నెను వెంటనే బయట పెట్టకూడదు, వేడి అరలో మెల్లగా చల్లారనివ్వాలి. లేదంటే దానంతటదే పగులుతుంది. కొందరు అచ్చులో పెట్టి ఊదేవాళ్ళు. క్రీ.శ. 1వ శతాబ్దపు ఎన్నియోన్ అనే పనివాడు తన గిన్నెల మీద గ్రీకులో 'ఎన్నియోన్ చేశాడు' అని అచ్చు పడేలా చేశాడు. ఆ గీర చూశారా!

దీంతో ధర పడిపోయింది. రోములో ఒక రాగి నాణేనికి గాజు గ్లాసు వస్తుందని స్ట్రాబో అనే గ్రీకు భూగోళ రచయిత రాశాడు. ఇసుకలోని ఇనుము వల్ల మామూలు గాజుకు లేత నీలి ఆకుపచ్చ రంగు ఉండేది. డబ్బున్నవాళ్ళు మాత్రం రంగే లేని గాజు కోసం ఎగబడేవాళ్ళని ప్లినీ అనే రోమన్ రచయిత మాట.

వాళ్ళ విందుల్లో మంచాల మీద ఎడమ మోచేతి మీద ఒరిగి, కుడిచేత్తో తినేవాళ్ళు. ఫోర్కుల్లేవు, మనలాగే చేత్తోనే! ద్రాక్షసారాలో నీళ్ళు కలిపి తాగేవాళ్ళు. దాని రంగు కనబడాలంటే గాజే కావాలి. పైగా లోహంలా వాసన పట్టదు. పెట్రోనియస్ అనే రోమన్ రచయిత కథలో ఒక కొత్త ధనవంతుడు, పగిలే గుణమే లేకపోతే బంగారం కంటే గాజే నాకిష్టం అంటాడు. పాంపే అనే రోమన్ ఊళ్ళో జూలియా ఫెలిక్స్ అనే ఆవిడ ఇంటి గోడ మీద పళ్ళు నింపిన గాజు గిన్నె బొమ్మ ఉండేది, ఇప్పుడది నేపుల్స్ మ్యూజియంలో ఉంది. ద్రాక్షలు, ఆపిళ్ళు గాజు లోంచి కనబడేలా గీశాడా చిత్రకారుడు. వెసూవియస్ అగ్నిపర్వతం కక్కిన బూడిద కింద, క్రీ.శ. 79వ సంవత్సరం నుంచి అన్ని శతాబ్దాలూ అది భద్రంగా ఉంది.

మన దేశానికీ ఈ గాజు వచ్చింది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో రోమన్ గాజు గిన్నెల ముక్కలు దొరికాయి.

పగిలినవాటిని పారేసేవాళ్ళు కాదు. కరిగిస్తే మళ్ళీ కొత్త గిన్నె అవుతుంది కదా. టైబర్ నది అవతల నుంచి వచ్చే ఒక చిల్లర వర్తకుడు పగిలిన గాజు తీసుకుని గంధకం పూసిన పుల్లలు ఇచ్చేవాడని కవి మార్షల్ ఎగతాళిగా రాశాడు. మన వీధిలో పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే అతను అచ్చం అంతే!

మిగతాది సెలవుల్లో వచ్చాక. అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య