గోడలోని వైరు ఎంత మోయగలదు?

ఆ సంక్రాంతికి మా ఇంటినిండా చుట్టాలు. గ్యాస్ పొయ్యి రెండు బర్నర్ల మీదా అరిసెల పని నడుస్తోంది కాబట్టి పిల్లల పాలకి ఇండక్షన్ స్టవ్ పెట్టాం. పక్కనే కాఫీ నీళ్లకి కెటిల్, మైక్రోవేవ్‌లో ఎవరిదో టిఫిను, మిక్సీలో అమ్మ వేసిన కొబ్బరి. పొద్దున్నే మూడుసార్లు ఎంసీబీ, అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే ఆగిపోయే బోర్డులోని స్విచ్చి, పడిపోయింది. పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి, 16 ఆంపియర్లది తీసేసి 32ది బిగించాడు. "ఇంక పడదమ్మా" అన్నాడు. నిజంగానే పడలేదు. అందరం సంతోషించాం.

మేలో ఒక మధ్యాహ్నం వంటింట్లో చేపలు కుళ్లినట్టు వాసన. మా ఇంట్లో చేపలు వండరు. వెతగ్గా వెతగ్గా ఇండక్షన్ ప్లగ్గు దగ్గర తేలింది. మెయిన్ ఆపి సాకెట్ విప్పితే లోపల ఎర్ర వైరు గోధుమరంగుకి తిరిగి ఉంది. గోటితో గిల్లితే దాని తొడుగు అప్పడంలా పెళుసుగా విరిగింది. లోపలి రాగి బయటపడింది.

ఎంసీబీ పడినప్పుడు మనకి అది అడ్డంకిలా కనిపిస్తుంది. కానీ అది కాపలా కాసేది మిక్సీనో స్టవ్వునో కాదు, గోడలో పైపులోంచి వెళ్లే వైరుని. కాబట్టి ఎంసీబీ మీద ఉండాల్సిన అంకెని నిర్ణయించేది ఆ వైరు మందమే. మన అవసరం ఎంతన్నది ఆ లెక్కలోకే రాదు. వైరు అలాగే ఉంచి ఎంసీబీ పెంచడమంటే కాపలావాడిని పంపించేయడమే.

ఆ పొద్దున లెక్క చూద్దాం. ఇండక్షన్ 2000 వాట్లు, కెటిల్ 1500, మైక్రోవేవ్ 1200, మిక్సీ 750. మొత్తం 5450. దాన్ని మన 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 24 ఆంపియర్లు. వంటింటి సాకెట్లన్నీ ఒకే లైను మీద ఉన్నాయి. ఆ లైనులో ఉన్నది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. చుట్టూ 30 డిగ్రీలు ఉన్నప్పుడు గోడ పైపులో అది 24 ఆంపియర్ల దాకా మోస్తుందని పట్టికల్లో ఉంటుంది. మన ఎండాకాలపు 45 డిగ్రీల్లో ఆ శక్తి ఐదోవంతు తగ్గి 19కి దిగుతుంది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకానే ఓర్చుకుంటుంది మరి.

కరెంటు పెరిగినంతే వేడి పెరుగుతుందనుకుంటే పొరపాటు. మాంచెస్టర్ దగ్గర బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ జౌల్ 1841లో ప్రచురించిన ప్రయోగాల్లో తేల్చింది ఇదే: తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బోర్డు నుంచి మా వంటింటికి 15 మీటర్లు, రానూపోనూ 30 మీటర్ల వైరు. 16 ఆంపియర్లు వెళ్తే దానిలో 57 వాట్ల వేడి పుడుతుంది. 24 వెళ్తే 128. కరెంటు ఒకటిన్నర రెట్లే, వేడి మాత్రం రెండుంపావు రెట్లు. అదంతా గాలాడని పైపులో.

ఎంసీబీ లోపల రెండు లోహాలు అతికించిన చిన్న రేకు ఉంటుంది. వేడెక్కితే ఒక లోహం ఎక్కువ సాగి రేకు వంగుతుంది, మీట జారి స్విచ్చి పడిపోతుంది. షార్ట్ సర్క్యూట్‌కి వేరే ఏర్పాటు ఉంది. ఒక తీగచుట్ట అయస్కాంతమై క్షణంలో లాగేస్తుంది. ఓవర్‌లోడ్ పని మాత్రం రేకుదే, దానికి సమయం పడుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 దాకా గంటసేపు పడకూడదు, 23 దాటితే గంటలోపు పడి తీరాలి. ఇదే నిబంధన. మా 24కి అది పడింది, సరిగ్గా తన పని తను చేసింది. 32ది పెట్టాక 36 ఆంపియర్ల దాకా గంటసేపు అది కదలదు.

ఎంసీబీకి అసలు కనపడని ప్రమాదం ఇంకొకటుంది, లూజ్ కాంటాక్ట్. 3000 వాట్ల గీజరు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. సాకెట్‌లో పిన్ను వదులై అక్కడ 0.15 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందంటే ఆ ఒక్క చోటే 25 వాట్ల వేడి. రేడియో రిపేరు షాపులో సోల్డరింగ్ ఐరన్ వేడి అంతే. కరెంటు హద్దులోనే ఉంది కాబట్టి ఎంసీబీ ఊరుకుంటుంది. కరెంటు లీకయితే ఆపే స్విచ్చి, ఆర్‌సీసీబీ కూడా కాపాడదు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు నేలకి పోతేనే అది పడుతుంది. మనిషికి షాక్ తగిలితే ప్రాణం మీదికి రాకుండా చూడటం దాని పని, ఓవర్‌లోడ్ దాని కంటికి ఆనదు.

నాకు అన్నిటికంటే భయం ఎక్స్‌టెన్షన్ బాక్సంటే. నాలుగు సాకెట్లున్నాయి కాబట్టి నాలుగూ వాడుకోవచ్చనిపిస్తుంది. కానీ నాలుగింటి బరువూ మోసేది ఒకే సన్నటి వైరు. పైగా దాన్ని చుట్టచుట్టి మంచం కింద పడేస్తే ఒక చుట్ట వేడి ఇంకో చుట్టకి తగులుతుంది, బయటికి పోదు. 16 ఆంపియర్ల ప్లగ్గుని చిన్న సాకెట్‌లో పట్టించే కన్వర్టర్ కూడా ఇలాంటిదే. ఫోన్ ఛార్జర్‌కి, టీవీకి ఎక్స్‌టెన్షన్ చాలు. నీళ్లో గాలో గిన్నో వేడిచేసే వస్తువుకి, ఏసీకి వద్దు.

వర్క్‌షాపుల్లో కథ కొంచెం వేరు. అక్కడ ఉన్నవన్నీ మోటార్లు. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లు తీసుకున్నా, స్విచ్చి వేసిన క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. రంపం, కంప్రెసర్ ఒకేసారి వేయకుండా ఒకటి వేగం అందుకున్నాక రెండోది వేయాలని పాత మేస్త్రీలు చెప్పేది అందుకే. వోల్టేజ్ పడిపోయినప్పుడు ఇంకో చిక్కు. హీటరయితే తక్కువ కరెంటు తీసుకుని నెమ్మదిస్తుంది. మోటారు అలా కాదు, అదే బరువు లాగడానికి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఎండాకాలం సాయంత్రాల్లో మోటార్లు కాలిపోవడానికి ఇదొక కారణం. వడ్రంగి షాపులోనైతే రంపంపొట్టు మోటారు మీద దుప్పటిలా పేరుకుని వేడిని ఆపేస్తుంది, అది అంటుకునే సరుకు కూడా. రోజూ దులపాల్సిందే.

మా వంటింటికి మళ్లీ వైరింగ్ చేయించాం. ఇండక్షన్‌కి ఒక లైను, మైక్రోవేవ్‌కి, కెటిల్‌కి ఇంకో లైను. రెండూ 4 చదరపు మిల్లీమీటర్ల వైరుతో, ఒక్కోదానికి 20 ఆంపియర్ల ఎంసీబీతో. ఇప్పుడు గీజరు ఆపాక అమ్మ ప్లగ్గు మీద మునివేళ్ల వెనక భాగం ఆనించి చూస్తుంది. గోరువెచ్చగా ఉంటే ఏమీ అనదు. అంతకు మించి కాలితే ఆ పూట ఇంక గీజరు వేయనివ్వదు, నేను వచ్చి సాకెట్ స్క్రూలు బిగించేదాకా.