మూడు నెలలు చూద్దామన్న మాట ఎక్కడిది?

శ్రీకాకుళం జిల్లాలో వరికోతలప్పుడు కొడవలి జారి మణికట్టు తెగితే అందరూ అనేది ఒకటే మాట: నరం తెగింది. రక్తం చిమ్మినా నరమే, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెగి వేలు వంగకపోయినా నరమే, స్పర్శ పోయినా నరమే. మూడూ వేరని ఎవరూ విడదీసి చూడకపోతే రక్తం ఆపి, చర్మానికి కుట్లు వేసి ఇంటికి పంపేస్తారు. అసలు నరం లోపల తెగే ఉంటుంది. తిమ్మిరి పోలేదంటే "మూడు నెలలు చూద్దాం" అంటారు.

ఇలా ఆగి చూడడం యుద్ధాల నాటిది. తూటా దెబ్బకు నరం ఎంతమేర నలిగిందో మొదట్లో తేలేది కాదు, చీము భయం ఒకటి. అందుకే గాయం మానాక కుట్టేవారు. 1943లో బ్రిటన్ సర్జన్ హెర్బర్ట్ సెడన్ నరాల గాయాలను మూడుగా విడదీశాడు: నరం తెగకుండా పని మాత్రం ఆగిపోయినది, లోపలి పోగులు తెగి తొడుగు మిగిలినది, పూర్తిగా తెగినది. మొదటి రెండింటికీ ఆగడం సబబే. బైకు మీంచి పడి జబ్బ ఎముక విరిగి, మణికట్టు వేలాడిపోయినవాళ్లలో చాలామందికి చెయ్యి దానంతటదే లేస్తుంది. ఆ లెక్కను కొడవలికీ గాజుపెంకుకీ అంటగట్టడమే ప్రమాదం. కోత కింద స్పర్శ పోయిందంటే, తెరిచి చూసేదాకా నరం తెగిందనే అనుకోవాలి.

తెగిన నరంలో కింది ముక్క చచ్చిపోతుందని బ్రిటన్ శాస్త్రవేత్త వాలర్ 1850లోనే చూపించాడు. కొత్త పోగులు పైనుంచి రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున పాకాలి. మోచేతి దగ్గర తెగితే చేతి కండరాలు 30 సెం.మీ. దూరం, అంటే పది నెలలు. కండరం ఎదురుచూసేది ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. ఇందులో మూడు నెలలు ఊరికే పోగొట్టుకోవడం చిన్న నష్టం కాదు.

పరీక్షకు పెద్ద యంత్రం అక్కర్లేదు. మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే చూపుడువేలి కొన, చిటికెనవేలి కొన తాకి అడగాలి; మత్తిచ్చాక అడిగి లాభం లేదు. మొదటిది మీడియన్ నరానిది, రెండోది అల్నార్‌ది. చెప్పలేని పసివాళ్లకు ప్లాస్టిక్ పెన్ను వేలిమీద మెల్లగా లాగాలి: చెమట పట్టని వేలిమీద నున్నగా జారిపోతుంది, బాగున్న వేలిమీద కాస్త పట్టుకుంటుంది. నరాల కరెంటు పరీక్ష మొదటి రోజుల్లో మోసం చేస్తుంది. కింది ముక్క ఇంకా కరెంటు మోస్తూనే ఉంటుంది కాబట్టి, కోతకు దిగువన పెట్టి చూస్తే రిపోర్టు బాగున్నట్టే వస్తుంది. 3 వారాలు దాటాకే దాన్ని నమ్మాలి.

ఆపరేషన్‌ను మార్చింది 1960లలో వచ్చిన మైక్రోస్కోపు. నలిగిన కొనలను, పోగుల గుత్తులు తెల్లగా ఉబికి కనిపించేదాకా పలచగా కోస్తారు. నరంమీది సన్నని రక్తనాళాల గీత రెండు వైపులా కలిసేలా తిప్పి, వెంట్రుక కన్నా సన్నని 9-0 నైలాన్‌తో తొడుగును కుడతారు. లాగి కట్టడం పనికిరాదు. బిగువు పడితే అతుకులో మచ్చ పెరిగి పోగులు దాటలేవు. వియన్నాలో సర్జన్ మిలేసీ గట్టిగా చెప్పింది ఇదే. ఖాళీ ఉంటే పిక్క వెనక సూరల్ నరం తీసి అతుకుతారు. పాదం పక్కన కొంత తిమ్మిరి మిగులుతుంది. తర్వాత సుమారు 3 వారాలు పట్టీ.

మెడ దగ్గర చేతి నరాల వేర్లు వెన్నుపాము నుంచి ఊడొస్తే కుట్టడానికి పైకొన ఉండదు. అప్పుడు, ఫ్రాన్స్ సర్జన్ ఓబెర్లిన్ 1994లో చూపినట్టు, అల్నార్‌లో ఒక పోగుల గుత్తిని మోచెయ్యి వంచే కండరానికి మళ్లిస్తారు. ఏడాదిన్నర దాటినవాళ్లకు మిగిలేది టెండన్ మార్పిడి, అంటే బాగున్న కండరం టెండన్ తీసి పడిపోయినదాని పనికి తిప్పి కుట్టడం. కుష్ఠుతో వంకరపోయిన చేతుల కోసం సర్జన్ పాల్ బ్రాండ్ వెల్లూరులో అభివృద్ధి చేసిన పద్ధతులు అందులోవే. చెయ్యి పట్టు వస్తుంది గానీ, స్పర్శ రాదు.

ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. గాయం శుభ్రంగా కడిగి, చర్మం మూసి, కొద్దిరోజుల్లో అక్కడికి పంపినా నరం చక్కగా కుట్టొచ్చు. పంపేటప్పుడు ఇచ్చే చీటీలో గాయమైన గంట, ఏ వేలి కొనకు స్పర్శ లేదు, ఏ వేలు కదలదు అన్నవి రాయాలి.