చైనీస్ చదివేది కుడి మెదడా, ఎడమ మెదడా?

చైనీస్ లిపి అంటే బొమ్మలేనని, బొమ్మలు గుర్తుపట్టే పిల్లలకు డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం పట్టుబడని ఇబ్బంది) బాధ ఉండదని చాలాకాలం నమ్మారు. 1971లో ఈ నమ్మకానికి ఊతం దొరికింది. అమెరికాలో చదవడం పట్టుబడని పిల్లలకు 30 చైనీస్ అక్షరాలను ఇంగ్లిష్ మాటలుగా నేర్పితే కొద్ది గంటల్లోనే వచ్చేశాయని పాల్ రోజిన్ బృందం ‘సైన్స్’ పత్రికలో రాసింది. సరే, కానీ చైనాలో పిల్లలు ప్రాథమిక బడిలో నేర్చేది దాదాపు 2,500 అక్షరాలు. ముప్ఫైకీ దానికీ పోలికెక్కడ?

ఆ రోజుల్లోనే ఇంకో మాట పుట్టింది. విడి అక్షరాన్ని కంటికి ఎడమవైపు తళుక్కున చూపిస్తే త్వరగా గుర్తుపడుతున్నారు, ఆ వైపు కనిపించింది ముందు చేరేది కుడి మెదడుకే కాబట్టి చైనీస్ కుడి మెదడు పని అన్నారు. 1979లో ఓవిడ్ జెంగ్ బృందం రెండక్షరాల మాటలు చూపిస్తే ఫలితం తిరగబడింది, ఎడమ మెదడే ముందుంది. డిస్లెక్సియా లేదన్న మాట కూడా 1982లో పోయింది. తైపీ (తైవాన్), సెండాయ్ (జపాన్), మినియాపొలిస్ (అమెరికా) నగరాల ఐదో తరగతి పిల్లలను హెరాల్డ్ స్టీవెన్‌సన్ బృందం పరీక్షిస్తే, చదువులో బాగా వెనకబడినవాళ్లు మూడుచోట్లా కనిపించారు.

అసలు అవి బొమ్మలైతే కదా! అమ్మ అనే అర్థమున్న ‘మా’ అక్షరంలో ఒక సగం స్త్రీ, రెండో సగం గుర్రం. అమ్మకూ గుర్రానికీ చుట్టరికం ఏమీ లేదు, గుర్రాన్నీ వేరే స్వరంలో, అంటే గొంతు ఎత్తుపల్లం మార్చి, ‘మా’ అంటారు, అంతే. ఎక్కువ అక్షరాలు ఇలా సగం అర్థం, సగం శబ్దం. పైగా స్వరం తేడాలు తీసేస్తే చైనా ప్రధాన భాష మాండరిన్‌లో పలికేవి 400 పైచిలుకు శబ్దాలే. ఒకే శబ్దానికి బోలెడు అక్షరాలు. అందుకే శబ్దం పట్టుకుంటే చాలదు, మాటలో ఏ ముక్కకు ఏ అర్థమో పిల్లలకు తెలిసి ఉండాలి.

2004లో సియోక్ వై టింగ్, తాన్ లీ హై బృందం బీజింగ్ పిల్లల మెదళ్లను స్కాన్ చేసింది. ఇంగ్లిష్ డిస్లెక్సియాలో తేడా ఎక్కువగా ఎడమ మెదడు వెనకభాగంలో కనిపిస్తుంది. ఇక్కడ ముఖ్యంగా ముందుభాగంలో, ఎడమ మిడిల్ ఫ్రంటల్ గైరస్ అనే మడతలో కనిపించింది. దాంతో లిపిని బట్టి జబ్బే మారిపోతుందన్నారు. నాకైతే అది తొందరపాటు అనిపిస్తుంది. 2010లో చైనా, బ్రిటన్ పిల్లలను పక్కపక్కన పెట్టి చూస్తే, డిస్లెక్సియా ఉన్నవాళ్లలో బలహీనత చాలావరకు ఒకేచోట్ల కనిపించింది.

తాన్ బృందం 2005లో చెప్పిన విషయం మాత్రం గట్టిది. బీజింగ్ పిల్లల్లో చదివే నేర్పుకు, శబ్దాలు విడదీసే నేర్పు కన్నా, రాసే నేర్పుతోనే ఎక్కువ సంబంధం తేలింది. అక్కడ ప్రతి అక్షరాన్నీ గీతల వరుస తప్పకుండా పదేపదే దిద్దిస్తారు, చేతికి అలవాటైన ఆ వరుసే అక్షరాన్ని గుర్తుంచుతుందని వాళ్ల వివరణ. ఇప్పటి పిల్లలేమో 1958లో వచ్చిన పిన్యిన్‌లో, అంటే రోమన్ అక్షరాల్లో శబ్దం టైప్ చేసి, తెరమీద వచ్చిన అక్షరాల్లో ఒకటి ఎంచుకుంటున్నారు. అలా ఎక్కువ టైప్ చేసే పిల్లల్లో చదివే నేర్పు తక్కువగా ఉందని 2013లో అదే బృందం రాసింది. టైపింగ్ వల్ల చదువు తగ్గిందా, చదువు రాక టైపింగ్‌కు మళ్లారా అన్నది ఆ లెక్కలు తేల్చవు.